గడ్డి పూతకు కళ్ళెము: కొడవలి మొదలు హార్మోనుల వరకు

కలుపు మొక్క అను జాతి వృక్షశాస్త్రములో ఎక్కడను లేదు. ఏ మొక్కయైనను మనకు అక్కరలేని చోట మొలిచినప్పుడే దానికి ఆ పేరు వచ్చును. ఇందుకు గరికకంటె మంచి ఉదాహరణము దొరకదు. సిద్దిపేట జిల్లా కొండపాక ప్రాంతపు మక్కచేలలో, పత్తిచేలలో గరిక రైతుకు పాత శత్రువు. గుంటుక తోలినను, దంతె కొట్టినను, తెగిన ప్రతి కణుపు నుండి అది మరల లేచును. వినాయక చవితినాడు అదే గరిక పూజాద్రవ్యము. హైదరాబాదులో గోల్కొండ నయా ఖిల్లా చెంతనున్న గోల్ఫు మైదానము వంటి చోట్ల గరిక జాతి గడ్డియే అడుగడుగున నీరు పోసి, ఎరువు వేసి, కత్తిరించి పెంచదగిన పంట. మొక్క ఒక్కటే, మారినది మన అవసరము.

గరిక ముఖ్యముగా పాకుడు కాండములతో వ్యాపించును. కాని గడ్డి జాతి కలుపులలో అనేకము గింజను నమ్ముకొని బ్రతుకును. అట్టి గడ్డిని జయించుట యనగా దాని పూతను జయించుటయే. కంకి వేయనిచ్చిన గడ్డిని ఈ ఏడు పీకివేసినను, రాలిన గింజ నేలలో దాగి వచ్చే ఏడు లేచును. గడ్డి పూతను ఆపు విద్యకు ఒక చరిత్ర కలదు. అందులో పెద్ద భాగము పొలములలో గాక ఆటస్థలములలో నడచినది. ఆ చరిత్ర చెప్పు పాఠము మాత్రము మన వరిమడికి సూటిగా వర్తించును.

గొర్రెలు, కొడవళ్ళు, యంత్రము

గోల్ఫు ఆటకు పుట్టిల్లు స్కాట్లండు సముద్రతీరము. ప్రజలు విలువిద్యను విడిచి ఈ ఆటలో మునిగిపోవుచున్నారని 1457లో ఆ దేశపు పార్లమెంటు దీనిని నిషేధించినది. దీనిని బట్టి ఆనాటికే ఆట ఎంత ప్రబలియుండెనో ఊహింపవచ్చును. ఆ తీరపు ఇసుక నేలలలో గడ్డిని పొట్టిగా ఉంచినవి గొర్రెలు, కుందేళ్ళు. మేత చాలని చోట మనుష్యులు పొడవైన కొడవళ్ళతో కోసెడివారు.

1830లో ఇంగ్లండు దేశమున స్ట్రౌడ్ పట్టణమునకు చెందిన ఎడ్విన్ బడ్డింగ్ అను యంత్రనిపుణుడు గడ్డి కోయు యంత్రమునకు పేటెంటు పొందెను. ఉన్నిబట్టల మిల్లులో బట్టపై లేచిన నూగును కత్తిరించు యంత్రము ఆయనకు ఈ ఆలోచన కలిగించినది. బట్టపై నూగును సమముగా కోయు చుట్టుకత్తి నేలపై గడ్డిని మాత్రము ఏల కోయరాదు? ఈ చిన్న ప్రశ్న నుండి పచ్చికబయళ్ళ యుగము మొదలైనది. దానికి ఒక్క సంవత్సరము ముందు, 1829లో, కలకత్తాలో గోల్ఫు క్లబ్బు వెలసినది. బ్రిటిషు దీవుల వెలుపల స్థాపితమైన గోల్ఫు క్లబ్బులలో అదియే మొదటిది. ఆ విధముగా ఈ ఆట మన దేశమునకు యంత్రపు కోతకంటె ముందే వచ్చినది.

యంత్రము మెరుగైనకొలది కోత కిందికి దిగినది. గుంట చుట్టునున్న నున్నని భాగమును, అనగా బంతిని మెల్లగా దొర్లించు స్థలమును, నేడు సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తున కోయుచున్నారు. ఇది రెండు రూపాయి బిళ్ళలను ఒకదానిపై నొకటి ఉంచినంత ఎత్తు. ఇంత కిందికి కోసిన తరువాత ఏ గడ్డి మాత్రము కంకి వేయగలదు అని మనకు తోచును. ఒక గడ్డి వేసినది.

ఏడాది గడ్డి

దాని శాస్త్రనామము పోవా ఆన్యువా. 1753లో లిన్నేయస్ పెట్టిన పేరిది. ఆన్యువా అనగా ఒక్క ఏడాది బ్రతుకునది. కనుక దీనిని మనము ఏడాది గడ్డి అని పిలుచుకొందము. యూరపులో పుట్టి, మనుష్యుల పాదరక్షలకు, బండ్ల చక్రములకు అంటుకొని లోకమంతయు తిరిగినది. అంటార్కిటికాలోని కింగ్ జార్జి దీవిలో పోలండు దేశపు పరిశోధనకేంద్రము చెంతకు కూడ 1980ల దశకమున చేరినది. మన దేశమున హిమాలయములు, నీలగిరుల వంటి చల్లని చోట్ల కనబడును. తెలంగాణ మైదానపు ఎండ దీనికి సరిపడదు.

ఈ గడ్డి పుట్టుకయే విచిత్రము. పోవా ఇన్‌ఫర్మా అను ఒక ఏడాది జాతికిని, పోవా సుపైనా అను బహువార్షిక జాతికిని సంకరమువలన ఇది కలిగినది. తల్లిదండ్రులకు ఒక్కొక్కదానికి 14 క్రోమోజోములు, దీనికి 28. కనుక త్వరగా పూచి గింజ రాల్చు గుణమును, నిలిచి పాకు గుణమును దీనిలో కలిసియున్నవి. పరాగసంపర్కము జరిగిన కొద్దికాలమునకే కంకిని కోసివేసినను, ఆ కోసిన కంకిలోని గింజలు కొన్ని మొలకెత్తగలవని ప్రయోగములు చూపినవి.

గోల్ఫు మైదానమున దీని కంకులు తెల్లని చుక్కలవలె లేచి, నున్నని నేలను ఎగుడుదిగుడు చేయును. బంతి దారి తప్పును. పూతకై తన శక్తిని వ్యయము చేసిన మొక్కకు వేరు బలహీనమై, వేసవి రాగానే వాడిపోవును. అప్పుడు మైదానమున బోడి మచ్చలు పడును. ఆ ఖాళీలలోనే రాలిన గింజలు మరల మొలచును.

ఇక్కడ శ్రద్ధగా గమనింపవలసిన విషయము ఒకటి కలదు. కోతయంత్రము ఎత్తుగా పూచిన మొక్కల కంకులను ప్రతిదినము నరికినది. పొట్టిగా, కత్తికి కిందుగా పూచిన మొక్కలు మాత్రమే గింజ రాల్చగలిగినవి. తరములు గడచినకొలది మైదానమంతయు కత్తి కింద పూయగల పొట్టిగడ్డితో నిండినది. డార్విను చెప్పిన ఎన్నిక ఇదియే. ఎన్నుకొన్నది మాత్రము తోటమాలి కత్తి. ఐతే కోత ఆపినచో ఇట్టి పొట్టి మొక్కలలో కొన్ని మరల ఎత్తైన రూపునకు మరలుచున్నవని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు గమనించిరి. కనుక ఈ మార్పులో జన్యువుల ఎన్నికయే గాక, జన్యువుల పనితీరును కోతయే మార్చుట కూడ కొంత ఉండవచ్చును.

కొందరు దీనితో పోరు మాని సంధి చేసికొనిరి. అమెరికాలో పేరుపొందిన ఓక్‌మాంట్, పెబుల్ బీచ్ గోల్ఫు మైదానములలో ఈ గడ్డినే ఆటకు అనువుగా సాకుచున్నారు. ఒకచోటి కలుపు మరియొకచోట పంటయైనది.

వీధిదీపము నుండి మందుసీసాకు

కత్తి ఓడినచోట రసాయనము ప్రవేశించినది. దాని కథ గోల్ఫుతో సంబంధములేని మూడు తావులలో మొదలైనది.

మొదటిది రష్యా. సెయింట్ పీటర్స్‌బర్గులో నెల్యూబోవ్ అను యువశాస్త్రజ్ఞుడు చీకటిగదిలో బఠాణీ మొలకలను పెంచుచు, అవి నిటారుగా లేవక పొట్టిగా, లావుగా, అడ్డముగా పెరుగుట చూచెను. ప్రయోగశాలలో వెలుగుచున్న వాయుదీపముల గ్యాసులో ఉన్న ఇథిలీను దీనికి కారణమని 1901లో ఆయన ప్రకటించెను. మొక్కలు తామే ఇథిలీనును పుట్టించునని 1934లో గేన్ అను ఆంగ్లశాస్త్రజ్ఞుడు నిరూపించెను. అనగా అది మొక్కలోని హార్మోను.

రెండవది వరిపొలము. వరిలో కొన్ని మొక్కలు ఉన్నట్టుండి సన్నగా, పొడవుగా పెరిగి పడిపోవు తెగులు జపానువారిని చిరకాలము బాధించినది. 1926లో తైవానునందు కురొసావా అను శాస్త్రజ్ఞుడు, ఈ తెగులు కలిగించు బూజు స్రవించు పదార్థమే మొక్కను సాగదీయుచున్నదని చూపెను. ఆ పదార్థమునకు 1935లో యబుటా జిబ్బరెల్లిను అని పేరు పెట్టెను. ఆరోగ్యముగా ఉన్న మొక్కలలో కూడ జిబ్బరెల్లిను ఉన్నదని తరువాత తెలిసినది. కాండము సాగుటకు, పెక్కు మొక్కలలో పూకాడ లేచుటకు ఇదియే కీలకము. దానిని అడ్డుకొన్నచో మొక్క పొట్టిగా నిలుచును.

మూడవది అమెరికాలోని రసాయనశాల. 1949లో షోన్, హాఫ్‌మన్ అను ఇద్దరు మాలెయిక్ హైడ్రజైడు అను పదార్థము మొక్క పెరుగుదలను నిలుపునని ప్రకటించిరి. కోత ఖర్చు తగ్గించుటకు దీనిని రహదారుల ప్రక్కనున్న గడ్డిపై చల్లిరి. గడ్డి పూతకు మనిషి రసాయనముతో వేసిన తొలి కళ్ళెములలో ఇది యొకటి. ఐతే ఆకులు పసుపు బారెడివి కనుక నున్నని ఆటస్థలమునకు అది పనికిరాలేదు. 1970ల దశకమున వచ్చిన మెఫ్లూయిడైడు కంకులను మరింత బాగుగా ఆపినది; తరువాతి కాలమున దాని ఉత్పత్తి నిలిచిపోయినది.

ఇథిలీను వాయువు కనుక విశాలమైన మైదానమున దానిని చల్లుట కుదరదు. దీనికి దారి చూపినది ఇథెఫాన్. సోవియట్ రసాయనశాస్త్రజ్ఞులు కబాచ్నిక్, రోసియిస్కయా దీనిని 1946లోనే తయారుచేసిరి గాని, మొక్కలపై దాని ప్రభావము 1960ల దశకమున గాని తెలియలేదు. ఇది నీటిలో కరగును. గాఢమైన ఆమ్లములో స్థిరముగా నుండును. మొక్కలోనికి ప్రవేశించి, ఆమ్లత్వము తక్కువగా ఉన్న కణరసమును తాకగానే విడిపోయి, కణముల మధ్యనే ఇథిలీనును విడుదల చేయును. జిబ్బరెల్లిను తయారీని అడ్డుకొను ట్రైనెక్సపాక్ 1990ల దశకమున వచ్చినది. ఈ రెండింటిని కలిపి చల్లుట నేడు చల్లని దేశముల గోల్ఫు మైదానములలో వాడుకలో నున్న పద్ధతి.

ఈ హార్మోనుల తీరు వింతైనది. ఏడాది గడ్డి కంకిని ఆపు ఇథిలీనే అనాసలో పూత రప్పించును, మామిడికాయను పండించును. జిబ్బరెల్లినును అడ్డుకొను పాక్లోబ్యూట్రజాలు గడ్డిని పొట్టిగా నిలుపును. మామిడిచెట్టున మాత్రము కొమ్మల పెరుగుదలను తగ్గించి పూతను హెచ్చించును. ఏ మొక్కపై, ఏ దశలో, ఎంత మోతాదున అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలియక హార్మోను ముట్టరాదు.

ఏ రోజున చల్లవలెను?

ఈ మందులన్నిటికి ఒక నియమము సమానము. కంకి కంటికి కనబడిన తరువాత చల్లిన మందు వృథా. పూమొగ్గ పిలక మొదట ఇంకను ఏర్పడుచున్న దినములలోనే అది చేరవలెను. ఆ దినము ఏది? పంచాంగములోని తేదీ ప్రతి ఏడు పనికిరాదు; ఒక ఏడు చలి ముందు తగ్గును, ఒక ఏడు ఆలస్యముగా తగ్గును.

దీనికి మార్గము 1735లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోమ్యూర్ సూచించెను. పంట ఒక దశకు చేరుటకు ఇన్ని దినములు కావలెనని కాక, ఇంత వేడి కూడవలెనని ఆయన తలంపు. లెక్క సులభము. ఒక దినపు గరిష్ఠ ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, కనిష్ఠము 18 డిగ్రీలు అనుకొందము. సగటు 24. మొక్క పెరుగుట మొదలగు కనీస ఉష్ణోగ్రత 10 డిగ్రీలైనచో, ఆ దినమున మొక్కకు దక్కినది 14 డిగ్రీలు. ప్రతిదినము ఇట్లే కూడుచు పోయి, మొత్తము ఒక నిర్ణీత సంఖ్యకు రాగానే పూమొగ్గ ఏర్పడు సమయము వచ్చినదని గ్రహింతురు. గోల్ఫు మైదానముల పోషకులు నేడు మందు చల్లు దినమును ఇట్లే నిర్ణయించుచున్నారు.

మన వరిమడిలోని మారువేషము

ఇప్పుడు కొండపాకకు వత్తము. చిరకాలము ఈ ప్రాంతము బావులను, చెరువులను, వానను నమ్ముకొన్న మెట్టసీమ. తొగుట, కొండపాక మండలములలోని కొన్ని ఊళ్ళను ముంచి కట్టిన మల్లన్నసాగర్ జలాశయము 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. నీరు వచ్చిన నేలలో వరి పెరుగును. వరితోపాటు కలుపు కూడ మారును. మెట్టకు అలవాటుపడిన గరిక నిలువనీటిలో వెనుకకు తగ్గును. దాని చోటికి ఊద వచ్చును.

ఊదలో ఒక జాతిని మనవారు ఊదలు అను ధాన్యముగా పండించి తినుచునే యున్నారు. దాని దాయాదులు మాత్రము వరికి బద్ధశత్రువులు. ఒక్క ఊద మొక్క వేల గింజలు రాల్చగలదు. వరికంటె ముందుగా వెన్ను తీసి, కోతకు ముందే గింజ రాల్చును. కనుక వరికోతనాడు పొలము శుభ్రముగా కనబడినను, వచ్చే పంట కలుపు అప్పటికే నేలలో పడియుండును.

కోతయంత్రము ఏడాది గడ్డిని మార్చినట్లే, కలుపు తీయు చేతులు ఊదను మార్చినవి. నారుమడిలో, నాటిన పొలములో వరివలె లేని మొక్కను కలుపు తీయువారు పీకివేయుదురు. వరిని పోలిన మొక్క మిగిలిపోవును. 2019లో ప్రకటితమైన ఒక పరిశోధనలో చైనా శాస్త్రజ్ఞులు యాంగ్జీ నదీప్రాంతపు ఊద మొక్కల జన్యువులను పరిశీలించిరి. కొన్ని మొక్కలు వరివలె పిలకలను నిటారుగా నిలిపి, మొదలు నందలి ఎరుపును పోగొట్టుకొని, వరి వేషము ధరించినవని వారు కనుగొనిరి. ఈ మార్పు సుమారు వేయి సంవత్సరముల క్రిందట జరిగినదని వారి అంచనా. అక్కడ వరిసేద్యము విస్తరించిన కాలమును అదియే.

వేషము ఎంత చక్కగా ఉన్నను ఒకచోట దొరికిపోవును. వరి ఆకు కాండమును చుట్టిన తొడిమ నుండి విడివడు తావున నాలుకవంటి తెల్లని పొర ఉండును. ఊదకు ఆ పొర లేదు. ఏ విద్యార్థియైనను ఆకును మెల్లగా వంచి దీనిని చూడవచ్చును.

చేతి కలుపు తగ్గి మందు వచ్చినను కథ మారలేదు. పంజాబు, హర్యానాలలో గోధుమను పోలిన ఫలారిస్ మైనర్ అను గడ్డి కలుపు ఐసోప్రోట్యూరాన్ మందుకు 1990ల తొలినాళ్ళలోనే లొంగుట మానినది. ఏటేట అదే మందు చల్లగా, దానిని తట్టుకొన్న మొక్కలే గింజ రాల్చినవి. ఊద కూడ పెక్కు దేశములలో పెక్కు మందులను ఓడించినది. కూలీల కొరతవలన వరిని వెదజల్లు పద్ధతిన సాగుచేయు రైతులకు ఇది పెద్ద హెచ్చరిక. నాటు లేనిచోట వరియు ఊదయు ఒకేనాడు మొలచును; రైతు మందుపైననే ఆధారపడును.

కత్తి, చేయి, మందు, ఈ మూడింటికిని ఒకే ఫలితము కలిగినది: తప్పించుకొన్న మొక్క పూచినది, పూచినది వంశము నిలుపుకొన్నది. కనుక మందును మార్చి మార్చి వాడుట, దమ్ము చేయుట, నీరు నిలుపుట, వీటితోపాటు చివరి కాపలా ఒకటి ఉండవలెను. మందునకు చావక మిగిలిన ఆ కొద్ది ఊదమొక్కలను వెన్ను తీయకముందే పీకి గట్టుపై ఎండవేయవలెను. ఆ కొద్ది మొక్కలే మందును తట్టుకొన్నవి కావచ్చును. వాటి గింజయే అన్నిటికంటె ప్రమాదకరము.

గింజ కట్టని గరిక

పూతకు కళ్ళెము వేయుటకు మరియొక మార్గము ఉన్నది. మొక్కనే గింజ కట్టని దానినిగా రూపొందించుట. అమెరికాలో జార్జియా రాష్ట్రపు టిఫ్టన్ పట్టణమున గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు ఈ పని చేసెను. 36 క్రోమోజోములు గల మన సాధారణ గరికను, 18 క్రోమోజోములు గల దక్షిణాఫ్రికా గరికతో ఆయన సంకరపరచెను. పిల్లమొక్కకు 27 వచ్చినవి. బేసి సంఖ్య కనుక క్రోమోజోములు సరిగా జతగూడలేవు. కంకి వచ్చినను గింజ కట్టదు. 1956లో వచ్చిన టిఫ్‌గ్రీన్, 1960లో వచ్చిన టిఫ్‌వే ఇట్టివే. వీటిని కాండపు ముక్కలు నాటి పెంచవలెను. వెచ్చని దేశముల గోల్ఫు మైదానములలో నేడు కనబడు మెత్తని గరికలలో అనేకము ఈ వంశమునకు చెందినవి.

ఇదే బర్టన్ సజ్జపై కూడ పనిచేసెను. పుప్పొడి కట్టని టిఫ్ట్ 23ఏ అను సజ్జరకమును ఆయన రూపొందించెను. దానిని తల్లిగా చేసి లూధియానాలో అఠ్వాల్ 1965లో మన దేశపు తొలి సంకరసజ్జ హెచ్‌బి-1ను విడుదల చేసెను. దిగుబడి పెరిగినది. కాని ఎక్కడ చూచినను ఒకే తల్లి సంతానమగుటచే, 1970ల తొలినాళ్ళలో వెర్రికంకి తెగులు ఆ సంకరములను తీవ్రముగా దెబ్బతీసినది. 1972లో మన పటాన్‌చెరువున స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థ పరిశోధనలలో ఈ తెగులును తట్టుకొను సజ్జలకు ముఖ్యస్థానము లభించినది. ఒకే మందుపై ఆధారపడుట ఎట్లో, ఒకే మొక్కపై ఆధారపడుట అట్లే అని ఈ ఉదంతము తెలుపును.

పాఠశాలలో చేయదగిన పని

దీనిని పరీక్షించుటకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఉపాధ్యాయులు రెండు మట్టితొట్లలో ఊద గింజలు చల్లించి, ఒకదానిని వానకాలపు మొదట, మరియొకదానిని యాసంగి మొదట పెంచవచ్చును. విద్యార్థులు ప్రతిదినము గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలను వ్రాసి, పైన చెప్పినట్లు వేడిని కూడవలెను. తొలి వెన్ను కనబడిన దినమున రెండు లెక్కలను పోల్చి చూడవలెను: ఎన్ని దినములు పట్టినవి, ఎంత వేడి కూడినది. ఈ రెండింటిలో ఏది రెండు తొట్లకు దగ్గరగా ఉన్నదో తేలినచో, పంచాంగము మేలా, ఉష్ణమాపకము మేలా అను ప్రశ్నకు వారే సమాధానము చెప్పగలరు. పగటి నిడివి కూడ పూతను మార్చును గనుక సూర్యోదయ, సూర్యాస్తమయ కాలములను గుర్తించుట మంచిది. ప్రయోగము ముగియగానే, గింజ ముదురకముందే, తొట్లలోని ఊదను పీకివేయుట మరువరాదు.

ఒక్క ఊరి పాఠశాల ఇట్లు నాలుగైదేండ్లు లెక్క వ్రాసి ఉంచినచో, ఆ ఊరి ఊద ఎప్పుడు వెన్ను తీయునో ఆ ఊరి రైతుకు ముందుగా చెప్పగలదు. కలుపు తీయుటకు కూలీలను ఏ వారమున పిలువవలెనో తెలిసినచో ఖర్చు తగ్గును. ఎండలో వంగి పనిచేయు స్త్రీల శ్రమ వృథా కాదు. రాలని గింజ వచ్చే ఏడు మొలవదు.